స్వేచ్ఛకు కట్టిన వెల

1775 మార్చి 23వ తేదీన వర్జీనియాలోని రిచ్‌మండు పట్టణమందు, ఒక చర్చిలో సమావేశమైన ప్రతినిధుల యెదుట పాట్రిక్ హెన్రీ చేసిన ఉపన్యాసము జగద్విదితము. స్వేచ్ఛయో మరణమో, రెండింట నేదో యొకటి తనకు కావలెనని అతడు గర్జించెనని చెప్పుదురు. ఆనాటి వ్రాతప్రతి యేదియు మనకు దక్కలేదు. నలువది యేండ్లు గడచిన పిమ్మట, 1817లో, విలియం వర్ట్ ప్రకటించిన జీవితచరిత్ర ద్వారమున ఆ మాటలు లోకమున వ్యాపించినవి. అది యట్లుండ, హెన్రీ తానే వ్రాసిన లేఖ యొకటి కలదు. ఉపన్యాసమునకు రెండేండ్లు ముందు, 1773 జనవరిలో, ఒక క్వేకరునకు వ్రాసినది. బానిసత్వము ధర్మవిరుద్ధమని అందు అతడు ఒప్పుకొనెను. తాను స్వయముగా బానిసలను కొన్నవాడనే యనెను. వారు లేకుండ జీవించుటలోని అసౌకర్యము తన్ను లాగికొనిపోవుచున్నదనియు, దానిని సమర్థింపజాలననియు వ్రాసెను. అమెరికా స్వేచ్ఛాచరిత్ర ఆ ఉపన్యాసముకంటె ఈ లేఖయందే యెక్కువగా ఇమిడియున్నదని మాకు తోచును.

1776 జులై 4 నాటి స్వాతంత్ర్యప్రకటనకు 2026తో 250 ఏండ్లు. స్వేచ్ఛకు వెల యనగానే ఇట్టి ఉత్సవములలో యుద్ధభూములు, సమాధులు, జెండాలు స్ఫురించుట సహజము. కాని అమెరికాలో స్వేచ్ఛకు అలంకారార్థమున గాక అక్షరాలా వెల యుండెను. అది డాలర్లలో చెల్లింపబడెను, పత్రములు వ్రాయబడెను. ఆ పత్రములను తిరుగవేసినవారికి ఒక సంగతి పదేపదే కంటబడును. స్వేచ్ఛను హరించినవాడు పుచ్చుకొనువాడు. హరింపబడినవాడో, వాని పక్షమువారో ఇచ్చువారు.

ఫ్రెడరిక్ డగ్లస్ 1838లో మేరీలాండు దాస్యమునుండి తప్పించుకొని ఉత్తరమునకు పాఱిపోయెను. 1845లో స్వీయచరిత్ర ప్రకటించెను. యజమానుల పేళ్లు అందు బయటపెట్టుటచే మరల పట్టుబడు ప్రమాదము కలిగి, బ్రిటనుకు పోవలసివచ్చెను. అచ్చటి మిత్రులు, ముఖ్యముగా న్యూకాజిల్ పట్టణపు రిచర్డ్‌సన్ కుటుంబ స్త్రీలు, సొమ్ము ప్రోగుచేసి 1846లో 150 పౌనులు చెల్లించి అతనిని విడిపించిరి. బానిసత్వ నిర్మూలనవాదులలోనే కొందఱు దీనిపై మండిపడిరి. వెల చెల్లించుటయనగా మనుష్యునిపై మనుష్యునికి ఆస్తిహక్కు కలదని అంగీకరించుట గాదా యని వారి వాదము. తర్కమునకు ఆ వాదము నిలుచును. అయితే వాదించినవారి కాలికి సంకెల లేదు. ఇది యజమాని హక్కునకు ఇచ్చిన మూల్యము గాదు, అతని పట్టునుండి విడిపించుకొనుటకు ఇచ్చిన సొమ్మని డగ్లస్ సమాధానమిచ్చెను. మేము డగ్లస్ పక్షమున నుందుము.

1850లో చేసిన పాఱిపోయిన బానిసల చట్టమును చూడుడు. పట్టుబడినవాడు బానిస యవునా కాదా యని తేల్చుటకు కమిషనర్లను నియమించిరి. బానిసయని తేల్చి అప్పగించినచో కమిషనరుకు ఫీజు 10 డాలర్లు. కాదని విడిచిపుచ్చినచో 5. అప్పగింతకు వ్రాతపని యెక్కువ గనుక ఫీజును ఎక్కువ యని సమర్థించిరి! పట్టుబడినవానికి జూరీ విచారణ లేదు. తన పక్షమున తాను సాక్ష్యము చెప్పుకొను హక్కును లేదు. స్వేచ్ఛకును దాస్యమునకును నడుమ కమిషనరు పద్దులో తేడా అయిదు డాలర్లు.

1862 ఏప్రిల్ 16న లింకను సంతకముతో రాజధానియగు వాషింగ్టనులో బానిసత్వము రద్దయ్యెను. సుప్రసిద్ధమగు విముక్తి ప్రకటన అమలునకు వచ్చుటకు ఎనిమిది నెలలు ముందటి మాట యిది. దాదాపు మూడువేలమంది స్వతంత్రులైరి. శాసనమున నష్టపరిహారపు ఏర్పాటు కలదు. తలకు సగటున 300 డాలర్లకు మించకుండ ఇచ్చుటకై కాంగ్రెసు పదిలక్షల డాలర్లు కేటాయించెను. నష్టపడిన దెవ్వరు? తరతరములుగా కూలిలేక చాకిరి చేసినవారు గారట, చేయించుకొన్నవారట. ప్రభుత్వమునకు విధేయుడనని ప్రమాణముచేసిన యజమాని తన బానిసలను వర్ణించి, వారి విలువ యింతయని దరఖాస్తు పెట్టుకొనెను. ఆ విలువను నిర్ణయించుటకు బాల్టిమోరునుండి ఒక బానిసల వర్తకుని పిలిపించిరి. స్వతంత్రులైన స్త్రీపురుషులకు చివరిసారిగా అంగడిధర కట్టినవాడు అతడే. ఆ విముక్తులను శాసనము బొత్తిగా మఱచెననుటకు వీలులేదు. దేశము విడిచి హైతీకో లైబీరియాకో పోదలచినవారికి తలకు 100 డాలర్ల వఱకు ఇయ్యవచ్చునని వ్రాసిరి.

ఆ దరఖాస్తులలో గేబ్రియేల్ కోక్లీ అను నతనిది యొకటి. అతడు స్వతంత్రుడైన నల్లజాతివాడు. తన భార్యను, బిడ్డలను తానే కొనియుండెను. చట్టముదృష్టిలో వారు అతని సంసారము గారు, అతని ఆస్తి. తన యింటివారికి తాను యజమానినని వ్రాసియిచ్చి అతడు పరిహారము కోరెను. 1,500 డాలర్లకు కొంచెము తక్కువగా అందుకొనెను. ఆ దరఖాస్తుపై సంతకము చేయునపుడు ఆ గృహస్థు మనస్సెట్లుండెనో పత్రములు చెప్పవు.

అంతర్యుద్ధమున ఆఱులక్షలకు పైగా సైనికులు మరణించిరి. ఆ రక్తమును తక్కువచేసి చెప్పుట మా యుద్దేశము గాదు. కాని అచ్చటను ఖాతాలు వేఱుగనే యుండెను. ఉత్తరసైన్యమున దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు చేరిరి. తెల్లసైనికునికి నెలకు 13 డాలర్లు. నల్లసైనికునికి 10, అందు దుస్తులకై 3 తగ్గించి 7. 1863 జులై 18న వాగ్నరు కోటపై దాడిలో తమవారిని పోగొట్టుకొన్న మసాచుసెట్సు 54వ పటాలమువారు ఆ 7 డాలర్లను ముట్టమనిరి. తక్కువపడినది రాష్ట్ర ఖజానానుండి ఇత్తుమన్నను ఒల్లమనిరి. ఒకటిన్నర సంవత్సరము జీతములేక పోరాడిరి. దక్షిణ కరొలినా పటాలమొకదానిలో విలియం వాకర్ అను సార్జెంటు ఈ యన్యాయమునకు నిరసనగా తన మనుష్యులచే తుపాకులు క్రింద పెట్టించెను. 1864 ఫిబ్రవరిలో తిరుగుబాటు నేరముపై అతనిని కాల్చిచంపిరి. జూన్ నెలలో కాంగ్రెసు జీతములను సమానము చేసెను. నాలుగు నెలలు!

అందును ఒక మెలిక. 1861 ఏప్రిల్ 19 నాటికి స్వతంత్రులై యున్నవారికే చేరిననాటినుండి బకాయి చెల్లునట. 54వ పటాలములో నిన్నటి బానిసలును కలరు. కర్నలు హాలొవెల్ ఆలోచించి ఒక ప్రమాణము కూర్చెను. ఆ తేదీనాటికి తాను ఏ మనుష్యునికిని కూలిలేని చాకిరి బాకీపడియుండలేదని సైనికుడు ప్రమాణము చేసిన చాలును. దాస్యమునుండి పాఱిపోయివచ్చినవాడు సైతము సంకోచములేక చేయదగిన ప్రమాణమిది. అట్టి బాకీ దైవమెదుట ఎవ్వనికి మాత్రము ఉండును?

యుద్ధము ముగిసిన పిదప, 1865 ఆగస్టులో, ఒహాయో రాష్ట్రపు డేటను పట్టణమునుండి జోర్డన్ ఆండర్సన్ అను నతడు టెన్నెసీలోని తన పాత యజమానికి ఒక జాబు వ్రాయించెను. తిరిగివచ్చి పనిచేయుమని యజమాని అడిగియుండెను. జాబులో మర్యాదకు లోపములేదు. తమరి చిత్తశుద్ధిని పరీక్షించుటకై పాతజీతము పంపుడని మాత్రము కోరెను. తనకు 32 ఏండ్లకు నెలకు 25 డాలర్ల చొప్పున, భార్య మాండీకి 20 ఏండ్లకు వారమునకు 2 డాలర్ల చొప్పున, మొత్తము 11,680 డాలర్లు. ఇన్నాళ్లు నిలిపియుంచినందులకు వడ్డీ చేర్చవలెను. తమకిచ్చిన బట్టల ఖరీదు, తన్ను వైద్యుడు మూడుమాఱులు చూచినందులకు, మాండీకి ఒక పన్ను పీకించినందులకు అయిన ఖర్చు తగ్గించుకొనవచ్చును. జాబు పత్రికలలో పడినది. సొమ్ము వచ్చిన దాఖలా యెచ్చటను లేదు. ఆ యజమాని పూర్తిపేరు పాట్రిక్ హెన్రీ ఆండర్సన్.