ఈ ‘పన్ను’ కట్టేదెలా?

సర్కారుకి కట్టే పన్ను ఎంతో ముందే తెలుస్తుంది. దానికో శ్లాబు ఉంటుంది, గడువు ఉంటుంది. నోట్లో కట్టించుకునే పన్ను సంగతి అలా కాదు. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో, అదే పన్నుకి ఒక క్లినిక్‌లో 18 వేలంటారు. నాలుగడుగులు వేసి పక్క క్లినిక్‌లో అడిగితే 45 వేలంటారు. ఎవరు నిజం చెబుతున్నట్టు?

ఇలాంటి ఇల్లొకటి ఊహించుకోండి. ఇంటాయనకి 48 ఏళ్లు. ఓ ప్రైవేటు కంపెనీలో గుమస్తా. నెలకి 35 వేల జీతం. కింది దవడపన్ను పుచ్చితే రూట్‌ కెనాల్‌ చేయించుకున్నాడు. క్యాప్‌ వేయించుకున్నాడు. అయినా చివరికి ఆ పన్ను నిలువునా చీలిపోయి పీకించుకోక తప్పలేదు. ‘ఇంప్లాంట్‌ పెట్టించుకోండి’ అన్నారు డాక్టరు. ఇంటికొచ్చి చెబితే ఇల్లాలికి గుండె గుభేల్మంది. ‘‘ఒక్క పన్నుకి నెల జీతమా! ఆ మూల పన్ను ఎవరికి కనిపిస్తుందండీ, వదిలెయ్యండి’’ అంది. ఆమె భయంలో న్యాయం ఉంది. కానీ వదిలేయడానికీ ఓ ఖరీదుంది.

ఖాళీ ఊరుకోదు

పన్ను పోయినచోట దవడ ఎముకకి పని తగ్గిపోతుంది. పని లేని ఎముక కరుగుతుంది. ఆ కరిగేది కూడా మొదటి ఏడాదిలోనే ఎక్కువ. పక్కనున్న పన్ను ఖాళీవైపు ఒరుగుతుంది. ఎదురుగా పైదవడలో ఉన్న పన్ను మెల్లగా కిందికి దిగుతుంది. రెండు మూడేళ్ల తర్వాత ‘పోనీ, ఇప్పుడు పెట్టించుకుందాం’ అనుకున్నా ఎముక చాలదు, చోటూ చాలదు. అప్పుడు ఎముక పొడి నింపడం, ఒరిగిన పన్నుని సరిచేయడం... ఖర్చు పెరుగుతూ పోతుంది. కొన్ని నెలలు ఆగితే ఫర్వాలేదు. ఏళ్ల తరబడి వాయిదా వేస్తేనే చిక్కు.

అలాగని ఇంప్లాంట్‌ ఒక్కటే దారి కాదు. తీసి పెట్టుకునే పన్ను రెండు మూడు వేల నుంచే దొరుకుతుంది. అటూ ఇటూ ఉన్న రెండు పళ్లని అరగదీసి మూడు పళ్ల బ్రిడ్జి వేయించుకోవచ్చు. అది ఇంప్లాంట్‌ కంటే చవక, రెండు మూడు వారాల్లో పని అయిపోతుంది. పక్కపళ్లకి అప్పటికే క్యాప్‌లు ఉంటే బ్రిడ్జే మేలు కావచ్చు. కానీ అవి చెక్కుచెదరని పళ్లయితే, ఒక పన్ను కోసం రెండు మంచి పళ్లని అరగదీయాల్సి వస్తుంది. ఇంప్లాంట్‌కి ఆ అవసరం లేదు.

18 వేలు... 42 వేలు

ఇంప్లాంట్‌ అంటే చాలామంది పన్ను అనుకుంటారు. నిజానికి అది మూడు ముక్కల పని. దవడ ఎముకలోకి బిగించే టైటానియం స్క్రూ ఒకటి. దానిమీద అమర్చే అబట్‌మెంట్‌ అనే చిన్న మెట్టు రెండోది. పైన కనిపించే క్యాప్‌ మూడోది. టైటానియం ఎముకతో కలిసిపోతుందని 1952లో స్వీడన్‌ శాస్త్రవేత్త బ్రానెమార్క్‌ కుందేళ్లమీద పరిశోధన చేస్తూ కనిపెట్టారు. కాలి ఎముకలో పెట్టిన టైటానియం పరికరం తర్వాత ఊడి రాలేదు. 1965లో తొలిసారి ఓ మనిషికి ఇలా పళ్లు అమర్చారు. ఆయనకి అవి నలభై ఏళ్లకు పైగా, చివరిదాకా పనిచేశాయి.

మన గుమస్తాకి 18 వేలని చెప్పిన క్లినిక్‌ అబద్ధం చెప్పలేదు. చెప్పింది మొదటి ముక్క ధర, అంతే. మిగతావి అడిగితే లెక్క ఇలా తేలింది అనుకోండి: స్క్రూ, సర్జరీ 18 వేలు. త్రీడీ స్కాన్‌ 2 వేలు. ఎముక పొడి 8 వేలు. అబట్‌మెంట్‌ 5 వేలు. జిర్కోనియా క్యాప్‌ 9 వేలు. మొత్తం 42 వేలు! 45 వేలన్న పక్క క్లినిక్‌ అవన్నీ కలిపే చెప్పింది. ఇద్దరి మధ్య అసలు తేడా 27 వేలు కాదు, మూడు వేలు.

తెలుగు రాష్ట్రాల్లోని నగరాల్లో ఒక పన్నుకి, క్యాప్‌తో కలిపి సుమారు 25 వేల నుంచి 50 వేల దాకా అవుతుంది. కొరియా, ఇజ్రాయెల్‌, మన దేశపు రకాలు కాస్త తక్కువ. స్విట్జర్లాండ్‌, స్వీడన్‌ కంపెనీలవైతే ఇంకా పైకి వెళ్తుంది. ఖరీదైనదే కావాలని లేదు. కానీ పదేళ్ల తర్వాత ఆ స్క్రూకి సరిపోయే విడిభాగం దొరకాలి. ఊరూ పేరూ లేని రకంతో వచ్చే ఇబ్బంది అదే.

అందుకే కుర్చీలో కూర్చోకముందే కాగితంమీద రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ కంపెనీ ఇంప్లాంట్‌? స్కాన్‌, అబట్‌మెంట్‌, క్యాప్‌ కలిపా, విడిగానా? క్యాప్‌ లోహంమీద పింగాణీయా, జిర్కోనియానా? ఎముక పొడి అవసరమైతే ఎంత? స్క్రూ ఎముకతో కలవకపోతే మళ్లీ పెట్టడానికి డబ్బు తీసుకుంటారా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. కంపెనీ ఇచ్చే గ్యారంటీ సాధారణంగా ఆ వస్తువుకే, డాక్టరు ఫీజుకి కాదు. ఇంప్లాంట్‌ ప్యాకెట్‌మీద ఉండే స్టిక్కరులో కంపెనీ పేరు, సైజు, లాట్‌ నంబరు ఉంటాయి. దాన్ని అడిగి తీసుకుని ఫైల్లో అంటించుకోవాలి. రేపు వేరే ఊళ్లో స్క్రూ వదులైతే అక్కడి డాక్టరుకి ముందు కావాల్సింది అదే.

ఎముకే ఇచ్చే వాయిదాలు

ఇంప్లాంట్‌ ఒక్కరోజు పని కాదు. దవడపన్ను పీకాక గాయం మానడానికి చాలాసార్లు మూడు నాలుగు నెలలు ఆగుతారు. స్క్రూ బిగించాక ఎముకతో కలవడానికి మరో మూడు నుంచి ఆరు నెలలు. ఆ తర్వాతే క్యాప్‌. ముందుపళ్లలో కొన్నిసార్లు పన్ను తీసినరోజే స్క్రూ పెట్టేస్తారు. వెనకపళ్లకి మాత్రం ఈ వ్యవధి తప్పడం తక్కువ. వైద్యానికి అవసరమైన ఈ ఆలస్యమే ఇంటి బడ్జెట్‌కి వరం!

ఎంత పని అయితే అంత డబ్బు. ఇదే సూత్రం. పక్క క్లినిక్‌ వాళ్లు దశలవారీగా నేరుగా కడితే 45 వేలని 42 వేలకి తగ్గించారు అనుకోండి. స్కాన్‌ నాడు 2 వేలు, స్క్రూ బిగించేనాడు 22 వేలు, క్యాప్‌ వేసేనాడు 18 వేలు. పన్ను పీకించుకున్న నెల నుంచే ఆ ఇంట్లో నెలకి 5 వేలు పక్కన పెడితే నాలుగు నెలలకి 20 వేలు. స్కాన్‌కీ సర్జరీకీ కలిపి నాలుగు వేలే తక్కువ. దాన్ని దాచుకున్న డబ్బుల్లోంచి సర్దుకుంటే, మరో నాలుగు నెలలకి క్యాప్‌ ఖర్చూ చేతికొస్తుంది. అప్పు లేదు. వడ్డీ లేదు.

ఇలా కట్టడంలో ఇంకో రక్షణ ఉంది. క్లినిక్‌ మధ్యలో మూతపడినా, డాక్టరు ఊరు మారినా జరగని పనికి డబ్బు పోదు. రుణం తీసుకుంటే మొత్తం సొమ్ము తరచూ మొదట్లోనే క్లినిక్‌ ఖాతాకి చేరుతుంది. పని ఆగినా వాయిదా ఆగదు.

‘సున్నా వడ్డీ’లో ఎంత వడ్డీ?

‘45 వేలు, 12 నెలలు, నెలకి 3,750, వడ్డీ సున్నా’ అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ప్రాసెసింగ్‌ ఫీజు వెయ్యి, దానిమీద జీఎస్టీ 180. పైగా నేరుగా కడితే దక్కే మూడు వేల తగ్గింపు పోయింది. అంటే 42 వేల పనికి కట్టేది 46,180. ఆ అదనపు 4,180 రూపాయలే వడ్డీ. లెక్క కడితే ఏడాదికి 18 శాతం పైనే తేలుతుంది! క్రెడిట్‌ కార్డుల సున్నా శాతం వాయిదాల్లో వడ్డీని ప్రాసెసింగ్‌ ఫీజు రూపంలో దాచేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే హెచ్చరించింది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్‌ కంపెనీలు వ్యక్తులకిచ్చే రుణాలకి అన్ని ఛార్జీలు కలిపిన వార్షిక వడ్డీరేటుతో ఓ పత్రం ఇచ్చి తీరాలి. సంతకం పెట్టేముందు దాన్ని అడిగి చదవాలి. అప్పు తప్పదనుకుంటే బ్యాంకులో బంగారంమీద తీసుకునే రుణం చాలాసార్లు ఇంతకంటే తక్కువకే వస్తుంది.

బీమా ఇస్తుందా?

ఆరోగ్య బీమా ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. మామూలు పుచ్చుపన్ను వైద్యాన్ని చాలా పాలసీలు పక్కన పెట్టేస్తాయి. ప్రమాదంలో పళ్లు విరిగితే మాత్రం కొన్ని ఇస్తాయి. ఓపీ ఖర్చులిచ్చే పాలసీల్లో దంతవైద్యం ఉన్నా, ఇంప్లాంట్‌ ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

పెద్దవాళ్లకైతే ఓ చిన్న వెసులుబాటు ఉంది. 60 ఏళ్లు నిండి, ఆరోగ్య బీమా లేని తల్లిదండ్రుల వైద్యానికి పిల్లలు పెట్టే ఖర్చుకి, పాత విధానంలో ఆదాయపు పన్ను లెక్క వేసుకునేవారికి ఏడాదికి 50 వేల దాకా మినహాయింపు ఉంది. నగదుగా కడితే అది వర్తించదు. బిల్లులు దాచుకుని ఆడిటర్‌ని అడగడం మంచిది.

ఖర్చు తగ్గించుకునే మరో చోటు దంత వైద్య కళాశాల. హైదరాబాద్‌ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ కళాశాలలున్నాయి. ప్రైవేటువీ చాలానే ఉన్నాయి. ఎండీఎస్‌ చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు. బయటితో పోలిస్తే ఖర్చు తక్కువ, తిరగాల్సిన రోజులు ఎక్కువ. ఇంప్లాంట్లు చేస్తున్నారా, సామగ్రికి ఎంత తీసుకుంటారు అన్నవి ముందే కనుక్కుని వెళ్లాలి.

చివరిగా ఓ మాట. అదుపు తప్పిన షుగరు, సిగరెట్టు... ఈ రెండూ ఇంప్లాంట్‌కి శత్రువులు. స్క్రూ ఎముకతో కలవకపోతే ముందు పోయేది డబ్బే. అందుకే కొటేషన్‌ కంటే ముందు షుగరు పరీక్ష, చిగుళ్ల పరీక్ష చేయించుకోవాలి. పెట్టించుకున్నాకా రోజూ శుభ్రం చేసుకోవాలి, ఏడాదికోసారి చూపించుకోవాలి. పుచ్చదు కదా అని వదిలేస్తే దాని చుట్టూ చిగురు చెడుతుంది.

ఇప్పుడు ఆ ఇంటాయన మళ్లీ ఇల్లాలి ముందు కూర్చున్నాడు. ఈసారి చేతిలో ఉన్నది ఒక్క అంకె కాదు, మూడు తేదీలు, మూడు మొత్తాలు రాసిన కాగితం. ఆమె ఓసారి పైనుంచి కిందిదాకా చదివింది. ‘‘ఇలాగైతే సరేనండీ... మరి ఆ సిగరెట్టు సంగతేంటి?’’ అంది.