గొడ్ల పొడి గొర్రెలకు పెట్టరాదు

సంగం దాటి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వైపు వెళ్లేకొద్దీ మాగాణి తగ్గి మెట్ట పెరుగుతుంది. ఒకే దొడ్డిలో నాలుగు పాడి గేదెలు, పక్కనే కంప నాటిన దడిలో నలభై గొర్రెలు ఉన్న ఇళ్లు ఈ దారిలో కొత్త కాదు. ఆ రెంటికీ నడుమ గోడకు ఆనించి ఒక సంచి ఉంటుంది. సంచి మీద ఖనిజ లవణ మిశ్రమం అని అచ్చు వేసి ఉంటుంది. ఊళ్లో దాన్ని మినరల్ మిక్చర్ అంటారు, లేదా ఉత్తగా ‘పొడి’ అంటారు. పాలు తగ్గకుండా, గేదె సకాలంలో ఎదకు వచ్చేలా పశువైద్యులు వేయమని చెప్పే పొడి కనుక దాని గురించి ఎవరికీ భయం లేదు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

ఆ పొడిలో సున్నం, భాస్వరం వంటి వాటితోపాటు కొద్ది మోతాదులో జింకు, మాంగనీసు, అయోడిన్, రాగి ఉంటాయి. రాగిని సాధారణంగా మైలుతుత్తం రూపంలోనే కలుపుతారు. రాగి లేకుండా పశువుకు జరగదు. అది చాలకపోతే ఒంట్లో నెత్తురు తగ్గుతుంది, వెంట్రుక రంగు వెలుస్తుంది, చూలు నిలవదు. చూడి గొర్రెకు చాలకపోతే పుట్టిన పిల్ల వెనుక కాళ్లు తూలుతుంది. కనుక పొడి మానేయమని ఎవరూ అనరు. అయితే ఎంత, ఏ జీవానికి అన్న ప్రశ్న మాత్రం తప్పదు.

గేదె, ఆవు తమకు ఎక్కువైన రాగిలో చాలా భాగాన్ని పైత్యరసంతో బయటికి పంపగలవు. గొర్రెకు ఆ శక్తి బాగా తక్కువ. రోజూ కాస్త కాస్త ఎక్కువైనా అదంతా కాలేయంలో పోగుపడుతుంది. ఇలా వారాలు, నెలలు గడుస్తాయి. ఈలోగా గొర్రె మేస్తుంది, నెమరు వేస్తుంది, ఈనుతుంది కూడా. చూసేవారికి ఏ లోపమూ కనపడదు. ఒకనాడు వానకు రాత్రంతా తడవడమో, లారీలో సంతకు వెళ్లడమో, నాలుగు రోజులు మేత దొరక్కపోవడమో జరుగుతుంది. కాలేయంలో నిలవ ఉన్న రాగి ఒక్కుమ్మడిగా నెత్తుటిలో పడి ఎర్రకణాలను పగలగొడుతుంది. కళ్లు, చిగుళ్లు పసుపు పచ్చనవుతాయి. మూత్రం నేరేడు రసం రంగుకు మారుతుంది. ఒకటి రెండు రోజుల్లో గొర్రె చస్తుంది.

కాపరి దాన్ని చిటుకు రోగమనో, దొమ్మ అనో అనుకుంటాడు. టీకా ఎందుకు వేయించలేదని ఇంట్లో తగువు. మూత్రం ఎర్రగా ఉంటే పిడుదుల జ్వరమని మందు తెస్తాడు. మూడు నెలలుగా తన చేత్తో తాను వేస్తున్న పొడి మీదకు అనుమానం పోదు, ఎందుకంటే పక్కనే అదే పొడి తిన్న గేదె నిక్షేపంగా ఉంది. కోసి చూసిన పశువైద్యుడికి కాలేయం పచ్చబడి, మూత్రపిండాలు తుపాకి గొట్టం రంగులో నల్లగా కనిపిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. చచ్చిన గొర్రెను కోయించి చూసే ఆనవాయితీ మన పల్లెల్లో ఎంతమందికి ఉంది?

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. పొడిలో కిలోకు 1000 మిల్లీగ్రాముల రాగి ఉన్నదనుకుందాం. గేదెకు రోజుకు 50 గ్రాములు వేస్తే 50 మిల్లీగ్రాముల రాగి చేరుతుంది. అది తినే పది కిలోల ఎండు మేతలో కిలోకు ఐదు మిల్లీగ్రాముల వంతున సర్దుకుపోతుంది. గొర్రె తినే ఎండు మేత కిలో, కిలోంబావు. అదే 50 గ్రాములు దాని తొట్టిలో పడితే కిలో మేతకు 40, 50 మిల్లీగ్రాములవుతుంది. గొర్రె మేతలో మొత్తం రాగి కిలోకు 15 మిల్లీగ్రాములు మించరాదని శాస్త్రజ్ఞులు పెట్టిన హద్దు. మేతలో సహజంగా ఉండేదాన్ని కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి.

గొర్రెల్లోనూ అన్ని జాతులూ ఒక తీరు కాదు. స్కాట్లండు ఉత్తర కొసన నార్త్ రొనాల్డ్‌సే అనే దీవిలో గొర్రెలు సముద్రపు ఒడ్డున నాచు తిని బతుకుతాయి. నాచులో రాగి తక్కువ. ఆ గొర్రెలను మామూలు పచ్చికలోకి తోలితే ఆ గడ్డిలోని రాగికే విషమెక్కి చచ్చే ప్రమాదం ఉంది. మేకలు గొర్రెలకంటే కొంత తట్టుకుంటాయి. మన నెల్లూరు జోడిపి, పల్ల, దొర గొర్రెలు ఎత్తయినవి, గట్టివి అని పేరు పడ్డవే కాని, గొర్రె గొర్రే.

నేలను బట్టి కూడా రాగి అవసరం మారుతుంది. 1970లో ఒంగోలు జిల్లా విడిపోయేదాకా పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలోవే. అక్కడ నీళ్లలో ఫ్లోరైడు వల్ల ఎముకల జబ్బు వస్తున్నదని 1937లోనే బయటపడింది. 1970 దశకంలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడు ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిన పిల్లలను, యువకులను పరిశీలించారు. జొన్నలో మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లోని రాగి మూత్రంలో ఎక్కువగా పోతుందని కూడా ఆ సంస్థ పరిశోధనలో తేలింది. అంటే ఒక ఊరి మేతలో రాగి చాలకపోవచ్చు, ఇంకో ఊరి మేతలో సరిపోను ఉండవచ్చు. అది కంటికి కనపడేది కాదు. పొరుగూరి కాపరి వేస్తున్నాడని వేయడం తగదు.

ఇక సంచి సంగతి. కొట్టులో పెద్ద సంచి విప్పి కిలో, అరకిలో పొట్లాలు కట్టి అమ్మడం మానాలి. పొట్లం మీద ఏ జీవానికో ఉండదు, రాగి ఎంతో ఉండదు. ఇంటికి వచ్చాక అది ఉప్పు డబ్బాలోకో, పాత హార్లిక్సు సీసాలోకో చేరుతుంది. నిమ్మతోటలు ఉన్న ఇళ్లలో బోర్డో మందుకు తెచ్చిన మైలుతుత్తం కూడా ఆ పక్కనే ఉంటుంది. మైలుతుత్తంలో నాలుగో వంతు రాగే. ముప్ఫై కిలోల గొర్రె కడుపులోకి రెండు మూడు గ్రాములు ఒకేసారి పోయినా ప్రాణాపాయమే. పసిపిల్లలకూ అంతే. నీలం రంగు చూసి పటికబెల్లమనుకుని నోట్లో వేసుకుంటారు.

పొడిని దాని సంచిలోనే, అచ్చు చెరగకుండా ఉంచి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. రేకు డబ్బా పనికిరాదు. తేమ తగిలితే తుత్తం ఇనుమును తినేస్తుంది. అక్టోబరు, నవంబరు వానలకు నేల చెమ్మ ఎక్కుతుంది కనుక డబ్బాను చెక్కల మీద ఎత్తుగా పెట్టాలి. గడ్డ కట్టిన పొడిని వేయరాదు. గడ్డలో ఏది ఎంత ఉందో తెలియదు, ఒక జీవానికి అంతా పోయి ఇంకోదానికి ఏమీ చేరదు. చేత్తో గుప్పెడు అనే కొలత మానేసి ఒక చెంచా కట్టుకోవాలి. గాలికి ఎదురుగా నిలబడి కలపరాదు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కంట్లో పడితే మంచినీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లవాడు మింగితే వాంతి చేయించే ప్రయత్నాలు, ఉప్పునీళ్లు తాగించడం చేయకుండా 108కి చెప్పాలి. ఖాళీ సంచిని కాలువలో ఝాడించడం మరీ అన్యాయం. తుత్తం కొద్దిపాటి కలిసినా చేపలు తేలుతాయి.

గేదెల తొట్టి గొర్రెలకు అందకుండా కట్టాలి. తోటలో మందు కొట్టిన వెంటనే చెట్ల కింద గడ్డికి మందను తోలరాదు. కోళ్లఫారం పెంటను గొర్రెల మేతలో కలపరాదు. కోళ్ల దాణాలో రాగి ఎక్కువ కలిపే చోట్లు ఉన్నాయి.

ఇంత చెప్పినా సగం బాధ్యత తయారీదార్లది, శాఖది. గొడ్ల పొడి సంచి మీద ‘గొర్రెలకు పెట్టరాదు’ అని పెద్ద తెలుగు అక్షరాలతో ఎర్రగా అచ్చు వేయడానికి అయ్యే ఖర్చెంత? చదువురాని కాపరి కోసం గొర్రె బొమ్మ గీసి అడ్డంగా గీత కొట్టవచ్చు. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై తర్వాత రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన చోట్ల పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు. సంచి చేతికి ఇచ్చేటప్పుడు ‘ఇంట్లో గొర్రెలున్నాయా’ అని ఒక్క మాట అడిగితే చాలు. గొర్రెలకు వేరే పొడి ఉన్నదని, అందులో రాగి తక్కువని ఆ ఒక్క మాటతోనే తెలుస్తుంది.

మందలో ఒక గొర్రె పసుపెక్కి చస్తే ఆనాడే పొడి ఆపేయాలి. అయినా ఆపిన కొన్ని వారాల వరకు మిగతావి చచ్చే ప్రమాదం ఉంటుంది, వాటి కాలేయాల్లోనూ అదే రాగి నిలవ ఉంటుంది కనుక. ఆ రోజుల్లో మందను దూరం తోలరాదు, సంతకు ఎక్కించరాదు. రాగిని కట్టడి చేసే మందు పశువైద్యుడి దగ్గర ఉంటుంది. మూత్రం నల్లబడక ముందే అది పడాలి. 2022 మే నుంచి సంచార పశువైద్య వాహనాలకు 1962 నంబరు ఉంది. వైద్యుడు వచ్చేసరికి గొర్రెతోపాటు సంచిని కూడా చూపించడానికి సిద్ధంగా ఉంచాలి.