తొంభై శాతం ఓట్లు పడ్డయ్.. మర్నాటి సంగతేంది?

పోలింగ్ నాడు పొద్దుగూకంగనే ప్రతిసారి ఒకటే ముచ్చట. పట్నపోళ్లు ఓటెయ్యరు, ఊర్లోళ్లు లైన్లు కడ్తరు. 2023 అసెంబ్లీ ఎన్నికలల్ల గూడ గట్లనే అయింది. రాష్ట్రం మొత్తం మీద 71 శాతం దాటితె, మునుగోడుల దాదాపు 92 శాతం పడ్డయ్. హైదరాబాద్ పాతబస్తీల యాకుత్‌పురా 40 శాతం గూడ దాటలె. ఊర్లోళ్లకు సోయి ఉన్నది, పట్నపోళ్లకు లేదని తేల్చేసుడు అల్కనే. కని లెక్క గంత సక్కగ లేదు.

మునుగోడు సెగ్మెంట్ల చౌటుప్పల్, చండూరు మున్సిపాలిటీలు. పేరుకు టౌన్లు, బతుకు మాత్రం ఊరి బతుకే. ఎవలు ఏ పార్టో, ఎవని చుట్టం ఎవలో అందరికి ఎర్కే. మరి గిన్ని ఓట్లు పడ్తున్నయంటె గీడి జనం ఏ పార్టీ దిక్కు ఉన్నట్టు?

లెక్కలు చూద్దాం. 2018ల బీజేపీకి పడ్డయి 13 వేల లోపు ఓట్లు. 2022 నవంబర్ ఉప ఎన్నికల అదే పార్టీకి 86 వేలు దాటినయ్. ఏడాది తిర్గంగనే 2023ల మళ్ల 20 వేల లోపుకు పడ్డది. కాంగ్రెస్‌కు 2018ల 97 వేలు, ఉప ఎన్నికల 24 వేల లోపు, డిపాజిట్ గూడ పాయె. 2023ల లక్షా 19 వేలు. గీ ఐదేండ్లల జనం మనసు గిన్నిసార్లు మారిందా? లేదు. కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్ నుంచి బీజేపీకి పోయి, మళ్ల కాంగ్రెస్‌కు వచ్చిండు. ఓట్లు ఆయన ఎంబడి నడిచినయ్. కండువా రంగు మారింది, మనిషి మారలె.

ఒకప్పుడు గిట్ల లేకుండె. సీపీఐ 1985, 1989, 1994ల వరుసగ గెల్చిన జాగ ఇది. 2004ల, 2009ల గూడ గెల్చింది. జెండాను చూసి ఓటేసిన తాలూకనే ఇది. సంఘాలు ఉన్నన్ని దినాలు పార్టీ అంటె ఏడాది పొడుగున కలిసే మనుషులు. సంఘాలు సల్లబడ్డంక పార్టీ అంటె ఎన్నికలప్పుడు వచ్చే బండ్లు.

మరి 92 శాతం ఎందుకొస్తున్నది? ఒకటి, పిలిచెటోడు ఉన్నడు. బతుకుదెరువుకు పట్నం పోయినోళ్లు చానమంది ఓటు ఊర్లనే పెట్టుకున్నరు. సంక్రాంతికి జామయ్యే పంతంగి టోల్‌గేట్ పోలింగ్‌కు గూడ జామైతది. పార్టీలోళ్లు ఫోన్లు జేస్తరు, బండ్లు పెడ్తరు, పైసలు పంచుతరు. ఉప ఎన్నికలనైతే మునుగోడు పైసల ముచ్చట దేశమంత పాకింది. 2024 మే నెల లోక్‌సభ ఎన్నికలకు గంత పిలుపు లేకుండె. మునుగోడు ఉన్న భువనగిరి సీట్ల అన్ని సెగ్మెంట్లు కలిపితె 77 శాతం లోపే. రాష్ట్రంల అదే ఫస్టు!

రెండోది అసలు సంగతి. ఓటు దగ్గరపడితెనే పనులైతయని జనానికి అనుభవంల తెలిసింది. గట్టుప్పల్‌ను మండలం జెయ్యాలని ఆ ఊరోళ్లు ఏండ్ల కొద్ది కొట్లాడిన్రు. ఎవలు వినలె. ఉప ఎన్నిక వస్తదన్న ముచ్చట నడుస్తున్న 2022 జులైల సర్కార్ మండలం ప్రకటించింది. ఇది జూసినోడు ఓటెయ్యకుండ ఇంట్ల ఎందుకు కూసుంటడు? అందుకే గీ 92 శాతాన్ని పార్టీ మీద ప్రేమ అనుకోవద్దు. లీడర్ మన దిక్కు చూసే ఒక్క దినాన్ని ఇడ్సిపెట్టొద్దన్న పట్టుదల అది.

గా పట్టుదలకు మనం తీసుకుంటున్న ధరనే తక్కువ. గట్టుప్పల్ ఊరంత ఒక్కటై అడిగింది, మండలం వచ్చింది. ఇంటికింత అని తీసుకున్న పైసలు వారంల ఒడుస్తయ్. ఊరంత కలిసి అడిగినదే నిలుస్తది.

అయితే ఐదేండ్లకొక దినం అడిగితె సాలదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలె. యువకులు, మహిళలు, వృద్ధులు, వార్డుల పేరున్నోళ్లు. కమిటీకి 15 మంది, అంటె వార్డుకు 60 మంది. మీ వార్డుల గా 60 మంది ఎవలో ఎర్కేనా? ఆఖరి మీటింగ్ ఎప్పుడైంది? మోరి గురించి, నల్లా గురించి, కంపెనీల కాలుష్యం గురించి ఎవలన్న లేచి అడిగిన్రా?

ఓటుకు పట్నం నుంచి ఊరికి వచ్చిపోతున్నం. వార్డు మీటింగ్ ఇంటి పక్కనే ఉంటది. టోల్‌గేట్ గూడ దాటే పని లేదు.