‘నా దగ్గర బాగానే పనిచేస్తోంది!’

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ డైలాగ్ కొత్త కాదు. టెస్టర్ ఓ బగ్ రాస్తారు. మనం మన ల్యాప్‌టాప్‌లో ఒకసారి రన్ చేసి చూస్తాం. రాదు. ‘నా దగ్గర బాగానే పనిచేస్తోంది’ అని రాసి టికెట్ మూసేస్తాం. ఈ మధ్య అదే మాట నాకు ఓ మెకానిక్ చెప్పాడు. అవతలివాళ్లకి ఎంత మండుతుందో అప్పుడు తెలిసింది.

విషయం ఏంటంటే, నా దగ్గర 2003 మోడల్ స్పోర్ట్స్ కారు ఒకటుంది. రెండే సీట్లు, టాప్ మడిచేయొచ్చు, ఐదు గేర్ల మాన్యువల్. డల్లాస్ దగ్గర ప్లానోలో ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. కాలేజీ రోజుల్లో ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్న బండి మరి!

దానికో జబ్బు పట్టుకుంది. స్పీడ్‌గా పోతున్నంతసేపూ ఏ గొడవా ఉండదు. స్లో చేసి, క్లచ్ తొక్కి, సిగ్నల్ దగ్గర ఆపబోతే మాత్రం ఆర్‌పీఎం ముల్లు 800 దగ్గర నిలబడకుండా 400కి పడిపోతుంది. కారు ఒకసారి వణుకుతుంది. ఒక్కోసారి తేరుకుంటుంది, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

మొదట్లో లైట్ తీసుకున్నా. ఓ ఆదివారం 75వ నంబర్ హైవే దిగుతుంటే, ఎగ్జిట్ మలుపులోనే ఇంజిన్ ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుంది. వెనకాల పెద్ద ట్రక్కు, పక్కన మా ఆవిడ. బలమంతా పెట్టి తిప్పి, ఎలాగో రోడ్డు అంచుకి చేర్చాను. తను ఏమీ అనలేదు. ఇంటికెళ్లాక మాత్రం ఒక్కటే మాట చెప్పింది: ‘ఇది బాగయ్యేదాకా నేను ఎక్కను. నువ్వూ హైవే ఎక్కకు.’

స్లో చేసినప్పుడే ఎందుకు?

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ మూసుకుంటుంది. బండి ఇంకా గేర్‌లోనే ఉంది కాబట్టి చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. ఆ కాసేపు పెట్రోల్ దండగ కదా, అందుకని కారులోని కంప్యూటర్, అంటే ఈసీయూ, పెట్రోల్ ఆపేస్తుంది. ఆర్‌పీఎం తగ్గి ఐడిల్‌కి దగ్గరపడ్డాక మళ్లీ ఇస్తుంది. ఇంచుమించు అదే సమయానికి మనం క్లచ్ తొక్కుతాం. చక్రాల సాయం పోతుంది. ఇంజిన్ తనంతట తాను నిలబడాలి. వచ్చే గాలి ఎంత, దానికి పెట్రోల్ ఎంత అన్న లెక్క ఆ ఒక్క క్షణంలో తప్పితే చాలు, ముల్లు కింద పడుతుంది.

లెక్క తప్పించే అనుమానితులు చాలామందే ఉన్నారు. ఐడిల్ వాల్వ్‌లో మసి, థ్రాటిల్ అంచున మసి, మురికిపట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్, ఎక్కడో గాలి లీకు.

నేనేం చేశానంటే, సరిగ్గా చేయకూడనిదే చేశా. ఏదీ చెక్ చేయకుండా పార్టులు మార్చేశా. ఐడిల్ వాల్వ్‌కి 180 డాలర్లు, ప్లగ్గులకీ కాయిల్స్‌కీ 120. జబ్బు అలాగే ఉంది. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లా. అతను ఇన్‌టేక్‌లోకి పొగ ఊది లీకులు చూశాడు. పొగ ఎక్కడా బయటికి రాలేదు. బ్లాకు చుట్టూ ఓ రౌండ్ వేసొచ్చి, ‘నా దగ్గర బాగానే నడుస్తోంది’ అని తాళం చేతికిచ్చాడు.

లాగ్ చూడరా బాబూ!

రోజూ ఆఫీసులో అందరికీ చెప్పే మాట నాకు నేను చెప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకి ఓబీడీ2 పోర్టు తప్పనిసరి. మన దగ్గర బీఎస్6 కార్లకీ ఉంటుంది. దానికి చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే ఆఫీసుల వెనక రోడ్ల మీద తిప్పాను. పద్నాలుగుసార్లు స్లో చేశా. తొమ్మిదిసార్లు ముల్లు పడింది. ఆ తొమ్మిదీ మూడో గేర్‌లో గట్టిగా లాగి, కాలు ఠక్కున తీసేసినవే. మెల్లగా కాలు తీసిన ఐదుసార్లూ ఏమీ కాలేదు.

ఇప్పుడు అంకెలు చూడండి. ఫ్యూయల్ ట్రిమ్ అని ఒకటుంటుంది. పెట్రోల్‌ని ఈసీయూ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్తుంది. ప్లస్ పది, మైనస్ పది మధ్యలో ఉంటే మామూలుగా కంగారు లేదు. పార్కింగ్‌లో నాది ప్లస్ 4. ముల్లు పడిన ప్రతిసారీ మాత్రం 20 దాటింది. అంటే సెన్సర్ లెక్కలోకి రాకుండా గాలి ఎక్కడి నుంచో దూరుతోంది. అదీ కొన్ని క్షణాలే.

ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. గట్టిగా లాగితే ఓ పక్కకి ఒరుగుతుంది, కాలు తీస్తే ఇంకో పక్కకి. దాంతోపాటు కదిలేది ఏంటి? సెన్సర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య ఉండే ఎయిర్ హోస్. హార్మోనియం తిత్తిలా మడతలుంటాయి దానికి. విప్పి చేత్తో వంచి చూశా. కింది వైపు ఒక మడతలో బొటనవేలంత పగులు. వదిలేస్తే మూసుకుపోతోంది, వంచితే నోరు తెరుస్తోంది. కారు ఆగి ఉన్నప్పుడు పొగ బయటికి రాలేదంటే ఎందుకు వస్తుంది!

కొత్త హోస్ 40 డాలర్లు. ఇరవై నిమిషాల పని. మళ్లీ పద్నాలుగుసార్లు ఠక్కున కాలు తీసి చూశా. ముల్లు ప్రతిసారీ 800 దగ్గరే ఆగింది.

మీకూ ఎప్పుడైనా నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. బ్రేక్‌ని పదేపదే తొక్కొద్దు. బూస్టర్‌లో మిగిలిన సాయం ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది, ఒక్కసారే గట్టిగా నొక్కిపట్టండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం బయటికి తీయొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. బాగుచేసే ముందు మాత్రం పార్టులు కాదు, పరిస్థితులు రాసుకోండి. ఏ గేర్, ఎంత స్పీడ్, కాలు ఎలా తీశారు అన్నవి.

మా ఆవిడ మళ్లీ కారెక్కింది. ఇంకో పని మిగిలింది. హైదరాబాద్ ఆఫీసులో టెస్టింగ్ చూసే అమ్మాయి ఒక బగ్ రాస్తే నేను మూడుసార్లు మూసేశాను, అదే డైలాగ్‌తో. సోమవారం టికెట్ మళ్లీ తెరిచి మెసేజ్ పెట్టా: ‘సారీ. ఇది సరిగ్గా ఏ పరిస్థితిలో వస్తోందో ఇంకోసారి చెప్తావా?’

రెండు నిమిషాల్లో రిప్లై వచ్చింది: ‘రెండు నెలల క్రితమే రాశా. టికెట్‌లో మూడో లైన్ చూడండి.’