ఆటల లెక్క తెచ్చే సాధనానికి వివరణ చీటీ ఏది?

పురుగు మందు డబ్బాపై ఎకరాకు ఎంత వాడాలి, ఎన్ని నీళ్ళలో కలపాలి అన్నది వ్రాసి ఉంటుంది. ఆ కాగితం ఊడిపోయిన డబ్బాను తెలిసిన రైతెవరూ కొనరు. అయితే పల్లెల్లోని కుర్రకారు ఫోన్లలో అడిగే ప్రశ్నలకు జవాబులు తెచ్చే సాధనాలు కొన్ని అలా కాగితం ఊడిన డబ్బాల మాదిరిగానే చలామణీ కావడం విచారకరం.

ఈ-స్పోర్ట్స్ అంటే కంప్యూటరుపైన, ఫోనుపైన ఆడే ఆటల పోటీలు. 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వీటికి పతకాలు కూడా ఇచ్చారు. పోటీ ఎప్పుడు, ఎవరు గెలిచారు అని యువకులు ఏఐని తెలుగులోనే అడగవచ్చు. నిన్న రాత్రి జరిగిన పోటీ సంగతి ఏఐకి సొంతంగా తెలియదు. లెక్కలున్న చోటికి వెళ్ళి తెచ్చిపెట్టే ఒక చిన్న ప్రోగ్రామును అది పిలుస్తుంది. ఆ ప్రోగ్రామును ఎప్పుడు పిలవాలి, ఏమి అడగాలి, తెచ్చిన అంకెలకు అర్థమేమిటి అన్నవి ప్రోగ్రాముతోపాటు జతచేసిన వివరణ చీటీ చూసే ఏఐ గ్రహిస్తుంది. చీటీలో లేనిదాన్ని ఊహించుకుంటుంది. చిక్కంతా అక్కడే.

డోటా 2 అనే ఆటనే తీసుకుందాం. దీని లెక్కలను ఓపెన్ డోటా ఎవరైనా తీసుకునేలా అందుబాటులో ఉంచింది. అందులో గెలుపును జట్టు పేరుతో కాక, 'రేడియంట్' వైపు గెలిచిందా లేదా అని మాత్రమే చూపుతారు. రేడియంట్ అనేది జట్టు కాదు, మైదానంలో ఒక పక్క. కబడ్డీలో సగం ఆట కాగానే జట్లు కోర్టు మారినట్లు, ఇక్కడ ఒక ఆటకూ మరో ఆటకూ జట్ల పక్కలు మారవచ్చు. ఈ ముక్క చీటీలో లేకపోతే ఓడినవారిని గెలిచినట్లు చెప్పే ప్రమాదం ఉంది.

అంతకన్నా చిత్రమైనది మరొకటి. పోటీ రకం అనే గడిలో 1 అని ఉంటే ఎవరైనా ఒక్క ఆట అనుకుంటారు. నిజానికి ఒక్క ఆటకు గుర్తు 0. 1 అంటే మూడింట రెండు గెలవాలని, 2 అంటే అయిదింట మూడు గెలవాలని అర్థం. సంక్రాంతి వాలీబాల్ పోటీల్లో ఒక సెట్టు చూసి కప్పు ఎవరిదో చెప్పేవారుండరు. 2021లో రుమేనియా రాజధాని బుకారెస్టులో జరిగిన 'ది ఇంటర్నేషనల్' ఫైనల్లో టీమ్ స్పిరిట్ 3-2తో గెలిచింది. ఓడిన జట్టు వరుసగా మూడో ఆట, నాలుగో ఆట గెలుచుకుంది. నాలుగో ఆట లెక్క ఒక్కటే చేతికందిన ఏఐ కప్పు ఎవరికిస్తుందో చెప్పనక్కరలేదు.

ఇక సమయం. 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, గ్రీనిచ్ కాలం ప్రకారం, గడిచిన సెకన్లుగా ఆట మొదలైన సమయాన్ని ఇస్తారు. మన గడియారానికి మరో అయిదున్నర గంటలు కలపాలి. అక్కడ రాత్రి 8 గంటలంటే మనకు తెల్లవారితే వచ్చే తేదీ, ఒంటిగంటన్నర. అంటే గంటే కాదు, తేదీ కూడా మారిపోతుంది.

"ఆటే కదా, తప్పయితే ఏం మునిగింది" అనేవారు లేకపోలేదు. కానీ ఫోనులో కనిపించిన అంకెను నమ్మి డబ్బు పెట్టే అలవాటు పల్లెలకు కొత్తకాదు. ఆన్‌లైన్ పందేలను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తిస్తూనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. పందేనికి ఈ సాధనాన్ని వాడరాదన్న మాట కూడా చీటీలోనే ఉండటం సముచితం. పందెం జోలికి పోకుండా, ఆటపై మక్కువతో అడిగే పిల్లవాడికి సైతం సరైన జవాబు పొందే హక్కు ఉంది.

ప్రోగ్రాము వ్రాసేవారికి వివరణ వ్రాయడమంటే చిన్నచూపు. ఇంటర్, డిప్లొమా చదివి ఈ రంగంలోకి వెళుతున్న మన జిల్లా కుర్రవాళ్ళూ దీనికి మినహాయింపు కాకపోవచ్చు. ఒకసారి సాధనం ఉత్తచేతులతో తిరిగివస్తే దాని అర్థం పోటీ లేదనా, పరిమితికి మించి అడిగినందువల్ల అవతలివారు ఇవ్వలేదనా? ఈ రెంటినీ విడదీసి చీటీలో వ్రాయాలి. లెక్క దొరకనప్పుడు దొరకలేదని చెప్పమని ఏఐకి స్పష్టంగా ఆదేశించాలి. ఏ గంటకు తెచ్చిన లెక్కో జవాబులో చెప్పించాలి.

చీటీ పూర్తయ్యాక ఆ ప్రోగ్రాము ఎన్నడూ చూడని మరొకరి చేతికిచ్చి, 2021 ఫైనల్ అయిదు ఆటల లెక్కలూ ముందు పెట్టి, విజేత ఎవరో, మన కాలం ప్రకారం ఏ ఆట ఎప్పుడు మొదలైందో చెప్పించాలి. పదిమందికీ పంచిపెట్టకముందే ఈ పరీక్ష జరగాలి.