ఎనిమిదేళ్లకు ఓనమాలు

కొండాపూర్, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో ఎనిమిదేళ్ల పిల్లల్ని చూడండి. ఇంగ్లీషులో రెండొందల పేజీల పుస్తకం రెండు రోజుల్లో ఊదేస్తారు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. అదే తెలుగు కాగితం మీద కనిపిస్తే రెండో పదం దగ్గరే ఆగిపోతారు. కొత్తగా చదవడం మొదలెట్టేవాళ్లంటే బొమ్మల పుస్తకాలు వేసేవాళ్ల ఊహలో నాలుగైదేళ్ల పసివాళ్లు. సైబరాబాద్ తెలుగు ఇళ్లలో మాత్రం వాళ్లు మూడో తరగతిలో ఉన్నారు. కొందరు ఇంకా పైనే.

ఎక్కువ చేసి చెప్పడం లేదు. 2018 నాటి చట్టం తెలంగాణలో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడులతో సహా పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది. 2025లో ప్రభుత్వమే ఆ బడుల తొమ్మిది, పది తరగతులకు మామూలు వాచకం ‘సింగిడి’ బదులు తేలికైన ‘వెన్నెల’ పెట్టుకోమంది. తొమ్మిదో తరగతి సంగతే ఇలా ఉంటే మూడో తరగతివాడికి కథల పుస్తకం ఎంచడం ఆషామాషీ వ్యవహారమా?

మనం చేసేదల్లా అట్ట మీద వయసు చూడటం. తేలిగ్గా ఉండాలి కదా అని మూడేళ్లవాళ్ల పుస్తకం తెస్తాం. అందులో ఎలుగుబంటి పిల్ల పళ్లు తోముకుంటూ ఉంటుంది. డైనోసార్ల పేర్లన్నీ నోటికొచ్చిన పిల్లాడికి అది అవమానం. వాడికి అక్షరాలు తేలిక కావాలి, కథ మాత్రం వాడి ఈడుది కావాలి. నవ్వించేదో, కాస్త భయపెట్టేదో, అల్లరిదో. బొమ్మ కూడా కింద రాసిన మాటనే మళ్లీ చెప్పకూడదు. ‘నేనేం చేయలేదు’ అని కింద ఉంటే, పైన పిల్లి మూతికి మీగడ అంటుకుని ఉండాలి. చదివింది మూడు ముక్కలే అయినా కథంతా పట్టేశానన్న గర్వం అప్పుడొస్తుంది.

ఇక తేలికంటే ఏమిటి? డాక్టర్ స్యూస్ 1957లో ‘ద క్యాట్ ఇన్ ద హ్యాట్’ను 236 వేర్వేరు పదాలతో, 1960లో ‘గ్రీన్ ఎగ్స్ అండ్ హ్యామ్’ను 50 వేర్వేరు పదాలతో రాశాడు. ఇంగ్లీషులో ఆ లెక్క చెల్లింది. తెలుగులో ‘తినలేకపోతున్నాడు’ కూడా ఒక్క పదమే. పోనీ పొడుగు చూద్దామా? ‘సీతాకోకచిలుక’కు ఒక్క ఒత్తూ లేదు, కూడబలుక్కుంటూ దాటేయొచ్చు. ‘స్త్రీ’ ఒకే అక్షరం, పెద్దపిల్లలు కూడా తడబడతారు. అలాగని ఒత్తుల్లేని పుస్తకం కోసం వెతకొద్దు. అమ్మ, నాన్న, అక్క, చెల్లి, పిల్లి, కుక్క, అన్నం అన్నీ ఒత్తులున్నవే. అవి తీసేస్తే ఇంట్లో తాత, మామ, వదిన లాంటి కొద్దిమందే మిగులుతారు! ఏ అక్షరానికి ఆ అక్షరమే ఒత్తయితే పిల్లలు త్వరగానే పట్టుకుంటారు. వేరే ఒత్తులు పేజీకి ఒకటో రెండో ఉంటే చాలు. అచ్చు పెద్దదిగా ఉండాలి, ఒత్తులు కింది వరుసకు తగలకూడదు. ‘పలికెను, ఏగెను’ అని రాసిన పుస్తకాన్ని నేనైతే అక్కడే పెట్టేస్తాను. చెవికి తెలిసిన మాట అయితేనే కన్ను ధైర్యం చేస్తుంది.

ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కనే ఉండే పుస్తకాలు చెన్నై తూలిక వాళ్లవి అందంగా ఉంటాయి. కానీ ఇంగ్లీషు ధారాళంగా చదివే పిల్లల చూపు ముందు ఇంగ్లీషు మీదే వాలుతుంది, తెలుగు వరుస అలంకారంగా మిగిలిపోతుంది. ఇలాంటి పిల్లలకు తెలుగొక్కటే ఉన్నది మేలు.

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి కథలు ఉచితంగా దొరుకుతున్నాయి, తెలుగులో కూడా. దించుకుని అచ్చు వేసుకోవచ్చు. (ఆఫీసు ప్రింటర్ సంగతి నన్నడగొద్దు.) ఒకటో స్థాయి అంటే 250 పదాల లోపు కథ. కానీ మూలంలో తేలికైన వాక్యం అనువాదంలో మెలికలు తిరగొచ్చు. స్థాయి ముద్రను నమ్మకుండా ఒక పేజీ పైకి చదివి చూడండి. మీ నాలుకకు తగిలినచోట పిల్లాడూ ఆగుతాడు.

చేత్తో తిరగేసి కొనాలంటే తార్నాకలో ‘మంచి పుస్తకం’ ఉంది. రాయదుర్గంలో ఎక్కితే అదే మెట్రో లైను, మారే పని లేదు. ఒకప్పటి సోవియట్ పిల్లల పుస్తకాలనూ వాళ్లు తెలుగులో మళ్లీ వేశారు. అవి కనబడగానే నలభై దాటిన నాన్నలు ముందు తమకోసం తీసుకుంటారు. తీసుకోండి. అయితే పేజీ నిండా అక్షరాలున్నవీ, అటక మీది పాత చందమామలూ రాత్రి మీరు చదివి వినిపించడానికి. పిల్లల చేతికిచ్చేది వేరే ఉండాలి, పేజీకి రెండు మూడు వాక్యాలది. రెండు రకాలూ ఒకేసారి కొన్నా సంచీ బరువేం పెరగదు.