గోడతో పాటు కొట్టు కూడా

బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలు వేసిన రోజుల్లో కంపెనీ కొలువుల వెంట బిలాస్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. 2003లో ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయింది. పక్కనే సీపత్‌లో 2,980 మెగావాట్ల విద్యుత్ కేంద్రం లేచింది. కొత్తది కట్టడం ఈ ప్రాంతానికి బాగా తెలుసు. పాతదాన్ని నిలబెట్టుకోవడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఈ విషయంలో హైదరాబాద్‌ను ఒకసారి చూడాలి. ఏడో నిజాం రెండో కొడుకు పేరుతో 1935లో గ్రానైట్ రాయితో కట్టిన మొజంజాహీ మార్కెట్ పైకప్పు కారుతూ, రేకుల షెడ్ల చాటున మాసిపోయింది. 2018లో మరమ్మతులు మొదలుపెట్టి, అడ్డదిడ్డంగా వెలిసిన రేకులు, తీగలు పీకేశారు. 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. గడియారపు బురుజు కన్నా మనం చూడవలసింది దాని నీడన ఉన్న ఐస్‌క్రీం దుకాణాలను. అక్కడ కొట్లు పోయి మ్యూజియం రాలేదు. సాయంత్రమైతే జనం ఇప్పటికీ గిన్నెలు పట్టుకుని అరుగుల మీద కూర్చుంటారు.

పాత కట్టడానికి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాదు, రాయి పెచ్చులూడుతుంది. అందుకే గానుగ సున్నం కావాలి. సున్నం, ఇసుక గానుగలో నలగాలి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలవాలి, రోజుల తరబడి నానాలి. అది తెలిసిన మేస్త్రి కావాలి, అతని పక్కన నేర్చుకునే కుర్రాడు కావాలి. కొత్త భవనానికి పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఇనుముకు, అద్దాలకు పోతుంది. మరమ్మతుకు పెట్టేది చాలావరకు కూలిగా ఊళ్లోనే తిరుగుతుంది.

2023 ఆగస్టులో దేశంలోని 508 రైల్వే స్టేషన్ల పునరభివృద్ధికి ఒకేరోజు శంకుస్థాపన చేశారు. స్టేషన్లు బాగుపడాలి, కాదనేవారెవరు? కానీ ఏ ఊళ్లోనైనా పాత గోడకు కొలతలు తీసేవాళ్లు, ఆ గోడనానుకుని బతికే టీకొట్టు, పండ్లబండి, పోర్టర్ల పేర్లు కూడా అదే కాగితం మీద రాసుకోవాలి. బాగుచేశాక వాళ్లు అక్కడ కనబడకపోతే, మనం కాపాడింది గోడనే, ఊరిని కాదు.